కట్టుడు పళ్ళ కింద నోరు ఎలా మారుతుంది?

పళ్ళన్నీ ఊడిపోయిన పెద్దవారికి కట్టుడు పళ్ళు అమర్చిన రోజున ఇంటిల్లిపాదికీ ఒక పెద్ద పని తీరిపోయిందన్న భావన కలుగుతుంది. ముఖానికి నిండుదనం తిరిగి వస్తుంది, మాట స్పష్టపడుతుంది, పప్పన్నంతో సరిపెట్టుకున్నవారు కూరలూ పండ్లూ తినగలుగుతారు. ఈ ప్రయోజనాలు చిన్నవి కావు. అయితే పళ్ళ సెట్టు ఒకసారి కొని వాడుకొనే వస్తువు మాత్రమే కాదు. అది తడిగా, వెచ్చగా, సున్నితంగా ఉండే పొరపై రోజంతా ఆని ఉంటుంది. తినే ప్రతి ముద్దకూ ఆ పొరను నొక్కుతుంది. సెట్టు తయారైన నాటి కొలతలోనే ఉండిపోతుంది. దానిని మోసే చిగురూ, అంగిలీ, దవడ ఎముకా సజీవమైనవి గనుక మారుతూనే ఉంటాయి.

స్వగ్రామంలో పళ్ళు కట్టించుకొని, ఆ తరువాత పిల్లల వద్ద ఉండేందుకు బెంగళూరు వంటి నగరాలకు వచ్చిన వృద్ధుల విషయంలో ఈ సంగతి మరింత ముఖ్యం. పళ్ళు కట్టిన వైద్యుడు ఊరిలో ఉండిపోతాడు. సెట్టు మాత్రం నగరానికి వస్తుంది. నొప్పి లేదు గనుక అంతా సవ్యంగానే ఉన్నదనుకొని ఏళ్ళ తరబడి ఎవరూ నోరు పరీక్షించరు. కానీ కట్టుడు పళ్ళతో ముడిపడిన మార్పులలో ప్రధానమైన రెండు, అనగా ఎముక అరుగుదల, అంగిలి వాపు, సాధారణంగా నొప్పి లేకుండానే సాగుతాయి. నొప్పి లేకపోవడం ఆరోగ్యానికి నమ్మదగిన గుర్తు కాదన్నదే ఈ పాఠంలో ముఖ్యంగా గ్రహించవలసిన విషయం.

సహజ దంతానికీ కట్టుడు పన్నుకూ గల భేదం

సహజ దంతపు వేరు ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెండింటి మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. నమిలేటప్పుడు పంటిపై పడే బరువును ఆ నారలు ఉయ్యాల తాళ్ళవలె పట్టుకొని, ఎముకను లాగే బలంగా మారుస్తాయి. ఆ లాగుడు ఎముకకు వ్యాయామం వంటిది. పన్ను ఊడగానే నారల పొర కూడా పోతుంది. కట్టుడు పళ్ళు ఎముకను లాగలేవు. పైనుండి చిగురును నొక్కగలవు, అంతే. నిరంతరమైన నొక్కుడును తట్టుకొనేందుకు ఏర్పడినది కాదు చిగురు పొర. సెట్టు కింద దాని మందం సుమారు రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

బరువు మోసే వైశాల్యం కూడా తగ్గిపోతుంది. పళ్ళన్నీ ఉన్నప్పుడు ఒక్కొక్క దవడలోని నారల పొరల వైశాల్యం మొత్తం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. పళ్ళు పోయిన తరువాత సెట్టు ఆనే చోటు పైదవడలో సుమారు 23, కిందిదవడలో సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. పైసెట్టుకు అంగిలి అంతా ఆధారం. సెట్టుకూ అంగిలికీ మధ్య నిలిచే పలుచని లాలాజలపు పొర దానిని పట్టి ఉంచుతుంది. కింది సెట్టు గుర్రపు లాడం ఆకారంలో సన్నని గట్టుపై ఆని ఉండగా, ఒక పక్క నాలుక, మరొక పక్క చెంప దానిని కదుపుతుంటాయి. కింది సెట్టు నిలవడం లేదని ఎక్కువమంది చెప్పడానికి కారణం ఇదే.

పూర్తి సెట్టు ధరించినవారి కొరుకుడు బలం సహజ దంతాలున్నవారి బలంలో నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది. జొన్నరొట్టె, చెక్కలు, జంతికలు కొరకలేకపోవడం సెట్టు తయారీలోని లోపం కానక్కరలేదు. కొత్తగా సెట్టు పెట్టుకొన్నవారు మెత్తని ఆహారంతో ప్రారంభించి, చిన్న ముక్కలను రెండు పక్కలా సమంగా నమలడం అలవరచుకోవాలి. అంగిలి కప్పబడి ఉంటుంది గనుక వేడి త్వరగా తెలియదు. పొగలు కక్కే కాఫీ, చారు గొంతు దాకా పోయి కాల్చే ప్రమాదం ఉంది.

ఎముక గట్టు అరుగుదల

పళ్ళు తీసివేసిన తరువాత మిగిలే ఎముక గట్టు క్రమంగా ఎత్తు తగ్గుతుంది. తొలి ఆరు నెలల నుండి ఏడాది వరకు ఈ అరుగుదల వేగంగా ఉంటుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా ఆగదు. పూర్తి సెట్లు ధరించినవారిని 25 ఏళ్ళ కాలపరిమితిలో పరిశీలించి ఆంట్యే టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. ముందు భాగంలో కిందిదవడ గట్టు పైదవడ గట్టు కంటే సుమారు నాలుగు రెట్లు అధికంగా అరిగినట్లు అందులో తేలింది.

అరుగుదల అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. వయస్సు, సాధారణ ఆరోగ్యం, పళ్ళు పోయి గడిచిన కాలం, సెట్టు కుదురు, రాత్రింబవళ్ళు ధరించే అలవాటు మొదలైనవన్నీ దానిని ప్రభావితం చేస్తాయి. గట్టు అరిగిన కొద్దీ సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టు కదిలి ఒకేచోట ఎక్కువ నొక్కుతుంది. ఆ నొక్కుడు అరుగుదలను మరింత పెంచవచ్చు. గడ్డానికీ ముక్కుకూ మధ్య ఎడం తగ్గి, పెదవులు లోపలికి ముడుచుకొంటాయి. కిందిదవడ గట్టు మరీ అరిగిపోయినవారిలో, కింది పెదవికి స్పర్శనిచ్చే నాడి బయటకు వచ్చే రంధ్రం గట్టు పైభాగానికి చేరుతుంది. అప్పుడు సెట్టు నేరుగా నాడినే నొక్కి, నమిలినప్పుడల్లా షాకు కొట్టినట్లు నొప్పి గానీ, పెదవి తిమ్మిరి గానీ కలిగిస్తుంది.

ఇందుకు పరిష్కారాలు లేకపోలేదు. సెట్టు లోపలి భాగానికి కొత్త పొర వేసి, మారిన చిగురుకు సరిపోయేటట్లు చేయవచ్చు. కొన్ని పళ్ళు మిగిలి ఉన్నవారు ‘ఎలాగూ సెట్టు కట్టించుకొంటున్నాం, అన్నీ తీసేయండి’ అని తొందరపడరాదు. వీలున్నచోట ఒకటి రెండు వేళ్ళను కాపాడి, వాటిపై సెట్టు అమర్చితే ఎముక నిలుస్తుంది. 1978లో ప్రచురితమైన ఒక ఐదేళ్ళ పరిశీలనలో, వేళ్ళు నిలుపుకొన్నవారి కిందిదవడ ముందు భాగం సగటున 0.6 మిల్లీమీటర్లు మాత్రమే అరుగగా, అన్నీ తీయించుకొన్నవారిలో అది 5.2 మిల్లీమీటర్లు. పళ్ళన్నీ పోయినవారికి కిందిదవడలో రెండు ఇంప్లాంట్లు వేసి, వాటి ఆధారంతో సెట్టు నిలిపే పద్ధతి కూడా ఉంది. దాని ఖర్చు ఎక్కువ.

ఎర్రబారే అంగిలి

పైసెట్టు తీసి చూసినప్పుడు, సెట్టు ఆనిన మేరకు అంగిలి ఎర్రగా కనబడవచ్చు. ఆ ఎరుపు అంచు గీత గీసినట్లు సెట్టు అంచు వద్ద ఆగిపోతుంది. ఇది కట్టుడు పళ్ళవారిలో తరచుగా కనిపించే వ్యాధి. న్యూటన్ అనే దంతవైద్యుడు 1962లో దీనిని మూడు రకాలుగా విభజించాడు: అక్కడక్కడ సూది మొనల వంటి ఎర్ర చుక్కలు, సెట్టు కింద అంతటా పరచుకొన్న ఎరుపు, అంగిలి నడుమ చిన్నచిన్న బుడిపెలతో గరుకుబారడం. చాలామందికి నొప్పి ఉండదు. కొందరికి మంట, రుచి మారడం, నోటి దుర్వాసన ఉంటాయి.

దీనికి ప్రధాన కారకం కాండిడా అనే శిలీంధ్రం. ఆరోగ్యవంతుల నోటిలోనూ అది కొద్దిగా ఉంటుంది. అక్రిలిక్‌తో చేసిన సెట్టు లోపలి ముఖం కంటికి నున్నగా కనిపించినా, దానిలో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. అక్కడ ఆహారపు పాచి చేరుతుంది, నోటిని కడిగే లాలాజలం ఆ చోటికి చేరదు, శిలీంధ్రం పెరుగుతుంది. రాత్రి సెట్టు తీయకుండా నిద్రించేవారిలో, సెట్టు సరిగా కడుగనివారిలో, పొగ త్రాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో, నోరు ఎండిపోయేవారిలో ఇది అధికం. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు ప్రతిసారీ సెట్టు తీసి నోరు పుక్కిలించడం అవసరం. రక్తపోటుకు, అలర్జీకి, మానసిక ఆరోగ్యానికి వాడే మందులలో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. అటువంటి మందులను తామంతట తాము మానివేయక, నోరు ఎండుతున్న సంగతిని వైద్యునికి చెప్పాలి.

ఈ వ్యాధికి మందు నోటికి మాత్రమే వాడితే చాలదు. శిలీంధ్రం సెట్టులోనూ నివసిస్తుంది గనుక సెట్టును శుద్ధి చేయాలి, రాత్రి తీసి ఉంచాలి, కుదరని సెట్టును సరిచేయించాలి. ఇవి చేయనిదే మందు ఆపగానే ఎరుపు తిరిగి వస్తుంది.

నోటి మూలల చీలికలు

సెట్టు పళ్ళు అరిగి, ఎముక కూడా అరిగినప్పుడు నోరు మూసినపుడు దవడలు ఉండవలసినదాని కంటే దగ్గరవుతాయి. పెదవుల మూలల్లో మడత పడి, అక్కడ లాలాజలం నిలిచి, చర్మం నాని చీలుతుంది. శిలీంధ్రం, బాక్టీరియా అక్కడ చేరుతాయి. ఇటువంటి చీలికలకు ఇనుము లోపం, బి12 విటమిన్ లోపం కూడా కారణం కావచ్చు. కాబట్టి పూతమందు రాసి ఊరుకోక, అంగిలినీ, సెట్టు ఎత్తునూ, అవసరమైతే రక్తాన్నీ పరీక్ష చేయించాలి.

పుండ్లు, మడతలు, మెత్తబడిన గట్టు

కొత్త సెట్టు పెట్టిన తొలి రోజులలో అంచు ఒరుసుకొని పుండ్లు పడడం సాధారణం. వైద్యుడు నొక్కుతున్న చోటును కొద్దిగా అరగదీస్తే కొన్ని రోజులలో మానుతాయి. పరీక్షకు వెళ్ళడానికి ఒకరోజు ముందు, వీలైనంత మేరకు సెట్టు పెట్టుకొనే ఉండడం మంచిది. అప్పుడే ఒరుసుకొన్న చోటు వైద్యునికి స్పష్టంగా కనబడుతుంది. ఇంటిలోనే చాకుతో గీకడం, గరుకు కాగితంతో రుద్దడం, విరిగిన సెట్టును బజారు జిగురుతో అంటించడం తగదు. ఒక్కసారి వంకర పోయిన సెట్టు మరల కుదురదు. ఆ జిగురు నోటిలో పెట్టుకోదగినది కాదు.

వదులైన సెట్టు అంచు ఏళ్ళ తరబడి ఒకేచోట ఒరుసుకొంటే, చిగురుకూ పెదవికీ మధ్య, లేదా చిగురుకూ చెంపకూ మధ్య మాంసం మడతలు మడతలుగా పెరుగుతుంది. ఆ మడతల నడుమ సెట్టు అంచు కూరుకొని ఉంటుంది. ఇది పుట్టకురుపు కాదు, ఒరిపిడికి శరీరం చూపిన ప్రతిస్పందన. తొలిదశలో సెట్టు తీసి ఉంచి, అంచు తగ్గిస్తే కొంతవరకు అణగిపోతుంది. ముదిరితే శస్త్రచికిత్స అవసరమవుతుంది.

కిందిదవడలో ముందుపళ్ళు మాత్రం సహజమైనవి మిగిలి, పైన పూర్తి సెట్టు ఉన్నవారిలో మరొక మార్పు వస్తుంది. కింది పళ్ళ పోటుకు పైదవడ ముందు భాగంలో ఎముక కరిగి, దాని స్థానంలో వేలితో నొక్కితే కదిలే మెత్తని కండ మిగులుతుంది. ఆ కండపై సెట్టు నిలువదు. ఇటువంటివారు వెనుక పళ్ళ లోటును కూడా పూరించుకొని, కొరుకుడు బరువు ముందు భాగంపైనే పడకుండా చూసుకోవాలి.

పొగాకు, వక్క: సెట్టు కింద దాగే ప్రమాదం

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను మండే కొన నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు చిరకాలంగా ఉన్నది. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడడం, గరుకుదేరడం, కొందరిలో అంగిలి కాన్సర్ రావడం ఈ అలవాటు ఫలితాలు. ఈ ప్రాంతాల నుండి వలస వచ్చిన కుటుంబాలలోని పెద్దవారు పైసెట్టు ధరించినట్లయితే, ప్రమాదానికి గురైన చోటునే సెట్టు కప్పివేస్తుంది. అలవాటు మానివేసి ఎన్నో ఏళ్ళయినా సరే, సెట్టు తీసి అంగిలిని వైద్యునికి చూపించాలి. పూర్వపు అలవాటును దాచక చెప్పాలి.

వక్క, గుట్కా నమిలేవారిలో చెంపల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. అటువంటి నోటికి కొలత తీయడమూ, సెట్టు పెట్టి తీయడమూ కష్టమవుతాయి.

పాక్షిక సెట్లు, వీధి పక్కన కట్టే పళ్ళు

కొన్ని పళ్ళు మిగిలినవారు ధరించే తీసి పెట్టుకొనే సెట్టు, ఆనుకొన్న సహజ దంతాల చుట్టూ పాచిని నిలుపుతుంది. చిగురు వాచి, వేరు వద్ద పుచ్చు పడి, ఆధారమైన పళ్ళే ఊడిపోవచ్చు. అందువల్ల సెట్టుతో సమానంగా మిగిలిన పళ్ళనూ శుభ్రపరచుకోవాలి.

బజారులలో, వీధి పక్కన తక్కువ ధరకు అప్పటికప్పుడు పన్ను కట్టేవారు అక్రిలిక్ ముద్దను తీగతో గానీ నేరుగా గానీ పక్క పళ్ళకు, చిగురుకు అంటించివేస్తారు. దానిని తీసి కడిగే వీలుండదు. ముద్ద గట్టిపడేటప్పుడు వెలువడే వేడి, దానిలో మిగిలిపోయే రసాయనం చిగురును కాల్చగలవు. కింద కుళ్ళు చేరి మంచి పళ్ళు కూడా కదులుతాయి. చట్టం ప్రకారం నమోదైన వైద్యులే ఈ వృత్తి చేయాలి. వారి వద్దకే వెళ్ళడం క్షేమం.

నిత్య సంరక్షణ

1. రాత్రి నిద్రించే ముందు సెట్టు తప్పక తీయాలి. చిగురుకు రోజులో ఆరు నుండి ఎనిమిది గంటల విశ్రాంతి అవసరం. జపానులో 85 ఏళ్ళు, అంతకు పైబడిన 524 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతో నిద్రించేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా ఉన్నట్లు కనబడింది.

2. ప్రతి భోజనం తరువాత సెట్టు తీసి నీటితో కడగాలి. వంకాయ గింజ, జామ గింజ వంటిది ఒక్కటి కింద చిక్కుకొన్నా పుండు పడుతుంది.

3. రోజుకొకసారైనా మెత్తని బ్రష్షుతో, సాధారణ సబ్బుతో సెట్టు లోపలా వెలుపలా తోమి, బాగా కడగాలి. టూత్‌పేస్టు, పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు సెట్టుపై గీతలు పెడతాయి. ఆ గీతలలో పాచి నిలుస్తుంది.

4. కడిగేటప్పుడు కింద నీటి గిన్నెనో మడతపెట్టిన తువాలునో ఉంచితే, చేయి జారినా సెట్టు పగలదు.

5. తీసిన సెట్టును మూతగల డబ్బాలో మంచినీటిలో ఉంచి, నీటిని రోజూ మార్చాలి. వేడినీరు అక్రిలిక్‌ను వంకర చేస్తుంది. శుద్ధి బిళ్ళలు వాడితే మరల కడిగిన తరువాతే నోటిలో పెట్టుకోవాలి. బ్లీచింగ్ ద్రవం వంటివి వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినంత సేపు మాత్రమే వాడాలి. లోహపు భాగాలున్న సెట్టుకు అది పనికిరాదు.

6. పళ్ళు లేని నోటిని కూడా తోమాలి. మెత్తని బ్రష్షుతోగానీ తడిబట్టతోగానీ చిగుళ్ళు, అంగిలి, నాలుక తుడిచి, వేలితో మృదువుగా మర్దన చేయాలి.

7. సెట్టు నిలిపే జిగురు పొడి, పేస్టు కొద్దిగా వాడవచ్చు. రోజురోజుకూ ఎక్కువ అవసరమవుతున్నదంటే సెట్టు కుదురు తప్పినదని అర్థం. జింకు ఉన్న పేస్టును దీర్ఘకాలం అతిగా వాడినవారిలో శరీరంలో రాగి తగ్గి నరాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

ఇంటివారు చేయవలసినది

నగరంలో ఒకటి రెండు గదుల ఇంటిలో అందరూ కలిసి పడుకొనేచోట, పళ్ళు తీసి బోసినోటితో కనబడడానికి పెద్దవారు సంకోచిస్తారు. కోడలి ముందు, మనుమల ముందు, ఇంటికి వచ్చిన బంధువుల ముందు తీయలేక రాత్రంతా సెట్టుతోనే నిద్రిస్తారు. పగలు కడగడానికి కూడా చాటు వెతుక్కొంటారు. ఈ బిడియమే అనేక నోటి వ్యాధులకు తలుపు తీస్తుంది. వారికంటూ ఒక డబ్బా, ఒక బ్రష్షు, అద్దం దగ్గర కొంత చోటు ఏర్పరచి, పిల్లలు నవ్వకుండా చూడడం ఏ మందుకూ తీసిపోని సేవ. మతిమరుపు, పక్షవాతం ఉన్నవారి సెట్టును ఇంటివారే తీసి కడిగి, ఆ సమయంలో నోరు కూడా వెలుతురులో చూడాలి.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్ళాలి

ఇబ్బంది లేకున్నా ఏడాదికొకసారి నోరు, సెట్టు రెండూ చూపించుకోవాలి. కింది లక్షణాలు కనబడితే ఏడాది ఆగరాదు:

సెట్టు తీసి ఉంచినా రెండు వారాలలో మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, చేతికి గట్టిగా తగిలే గడ్డ, కారణం తెలియని రక్తస్రావం, పెదవి తిమ్మిరి, మింగడంలో కష్టం, అకస్మాత్తుగా కుదురు తప్పిన సెట్టు. ‘పళ్ళు ఒరుసుకొన్న పుండే’ అనుకొని ఉపేక్షించినది కాన్సర్ తొలిదశ కావచ్చు. తొలిదశలో గుర్తిస్తే చికిత్స సులువు.

బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో కట్టుడు పళ్ళకు ప్రత్యేక విభాగం ఉన్నది; బోర్డుపై ‘ప్రోస్థోడాంటిక్స్’ అని ఉంటుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు ఉచితంగా పళ్ళ సెట్లు అమర్చేందుకు కర్ణాటక ప్రభుత్వం ‘దంత భాగ్య’ యోజనను ప్రవేశపెట్టింది. ప్రస్తుత అర్హత నియమాలను దంత వైద్య కళాశాలలలో అడిగి తెలుసుకోవచ్చు. వెళ్ళేటప్పుడు పాత సెట్టును, వాడుతున్న మందుల చీటీలను వెంట తీసుకొని పోవాలి.

కన్నడం కొత్తవారికి ఈ మాటలు ఉపకరిస్తాయి: ‘హల్లు సెట్ సడిలవాగిదె’ అనగా పళ్ళ సెట్టు వదులయినది, ‘వసడు నోయుత్తిదె’ అనగా చిగురు నొప్పిగా ఉన్నది, ‘బాయల్లి హుణ్ణాగిదె’ అనగా నోటిలో పుండు పడినది. నొప్పి ఏమీ లేనివారు కూడా ఒక మాట అడుగవచ్చు: ‘హల్లు సెట్ తెగెదు బాయి నోడి’, అనగా సెట్టు తీసి నోరు చూడండి.